మూత ఎత్తని వంట

లూసియానాలో ఓ ఏటిపాయ ఒడ్డున ఉన్న ఊళ్ళో, బడి వంటగదిలో ఎలోడీ వెరెట్ ముప్ఫై ఒక్క ఏళ్ళుగా వండుతోంది. పొద్దున ఇంట్లో ఏమీ తినకుండా వచ్చిన బిడ్డ ఎవరో ముఖం చూసి చెప్పేస్తుంది. ఆ కంచంలో అన్నం ఒక గరిటె ఎక్కువే పడుతుంది. బిడ్డ తలెత్తి చూస్తే, "చెయ్యి జారిందిలే, తినెయ్యి" అంటుంది. ఇవాళ ఆ ఏటిపాయ మీద రొయ్యల పడవలు నడుపుతున్నవాళ్ళలో సగం మంది ఆ జారిన గరిటె తిని పెరిగినవాళ్ళే. ఎవరి మాటకూ ఎదురు చెప్పని మనిషి. ఇమ్మంటే ఇచ్చేస్తుంది, జరగమంటే జరుగుతుంది.

అంత మెత్తని మనిషి యాభై ఎనిమిదో ఏట ఒక పంతం పట్టింది. అది వాళ్ళ నాన్న పెట్టె గురించి.

వాళ్ళ నాన్న ఎవరిస్ట్ పడవల వడ్రంగి. ఒక పడవ కట్టగా మిగిలిన సైప్రస్ చెక్కలతో, చంటిపిల్లల తొట్టి కంటే కాస్త పెద్దదిగా ఓ పెట్టె చేశాడు. లోపలంతా రేకు కొట్టాడు. పైన ఇనుప మూత, అంచులు లేచిన పళ్ళెంలా ఉంటుంది. టర్కీ కోడి పెట్టె లోపల, నిప్పు మూత మీద. కింద పొయ్యి లేదు, సెగ లేదు. వేడి పైనుంచి దిగి, నాలుగు వైపులా రేకుకు తగిలి, పక్షిని కౌగిలించుకున్నట్టు చుట్టుకుంటుంది. లూసియానాలో ఆ ఏటి పొడుగునా ఇలాంటి పెట్టెను అందరూ వేళాకోళంగా 'మైక్రోవేవ్' అంటారు. కరెంటు లేదు, మీట లేదు, పక్షి ఉడకడానికి నాలుగు గంటలు కావాలి. ఆ పేరులో ఉన్న నవ్వంతా అదే.

నవంబరులో థ్యాంక్స్‌గివింగ్ గురువారం నాడు పూజ కాగానే చర్చి హాల్లో ఊరంతా కలిసి భోంచేస్తారు. టర్కీ ఎలా వండాలన్న సంగతి మీద మాత్రం ఆ ఊళ్ళో ఏ ఇద్దరికీ పొత్తు కుదరదు. ముసలి డ్యుకిన్ పెకాన్ చెట్టు కట్టెల పొగ మీద తప్ప వండడు. ఆడవాళ్ళు ఇళ్ళలో ఓవెన్లో వేయించి తెస్తారు. ఎలోడీ మేనమామ కొడుకు తెయోఫీల్, అతని జట్టు అయితే పెద్ద సూదితో మసాలా రసం ఎక్కించి, కాగే వేరుశనగ నూనెలో పక్షిని పక్షిలాగే ముంచి ముప్పావు గంటలో తీసేస్తారు. తీర్పరులు ఎవరూ ఉండరు. ఎవరి పళ్ళెంలో ఎముకలు ముందు తేలితే గెలుపు వాళ్ళది. ఎవరిస్ట్ బతికున్నన్నాళ్ళూ పెట్టె టర్కీ ఎముకలే ముందు తేలేవి. ఆయన పోయి రెండేళ్ళయింది. రెండు పండుగలకూ పెట్టె కొట్టాంలో గోడకు ఆనించి అలాగే ఉండిపోయింది.

చెరకు కోతలు మొదలైన వారం తెయోఫీల్ తన మేనత్త, ఎలోడీ తల్లి అజెమాను చూడడానికి వచ్చి, కొట్టాంలో పెట్టె మీద చెయ్యి వేసి అడిగాడు.

"ఇది నాకిచ్చెయ్ మరదలా. పడవలో ఐసు పోసుకుంటాను. ఊరికే చెదలు తింటోంది."

"సైప్రస్‌కు చెద పట్టదు బావా," అంది ఎలోడీ. "అయినా ఈ పండక్కి అందులో నేను వండుతున్నాను."

తెయోఫీల్ వెంటనే నవ్వలేదు. నవ్వడానికి మేనత్త వైపు తిరిగి, ఆవిడ కూడా నవ్వుతుందేమో చూసుకుని, అప్పుడు నవ్వాడు.

"అత్తా, విన్నావా? మీ అమ్మాయి పెట్టె దగ్గర కూచుంటుందట! పొయ్యి మీద గిన్నె పెడితే గంటకు పదిసార్లు మూతెత్తి చూసే మనిషి ఇది. ఈ మూత ఒక్కసారి ఎత్తిందంటే వేడంతా గాల్లోకి పోయి పక్షి పచ్చిగా మిగులుతుంది. నాలుగు గంటలు! చేతులు కట్టుకుని కూచోడం ఆడవాళ్ళ వల్ల అవుతుందా?"

"మీ మగవాళ్ళకు బాగా అవుతుంది. చేతులు కట్టుకు కూచోడం మీకు పుట్టుకతో వచ్చిన విద్య," అంది అజెమా. ఆవిడకు ఎనభై నాలుగేళ్ళు. నోటికి మాత్రం ముప్ఫై.

"నేను మూత ఎత్తితే పెట్టె నీది బావా," అంది ఎలోడీ. "పక్షి చెడినా నీదే. ఐసు పోసుకో, చేపలే పోసుకో."

అన్నాక గానీ ఆ మాట బరువు ఆవిడకు తెలియలేదు. ఆ వంట తెలిసినవాళ్ళు ఊళ్ళో ఇంకెవరూ లేరు. ఆ పెట్టె ఐసుకు పోతే నాన్న వంట కూడా దానితోనే పోతుంది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

*

మర్నాడు చర్చికి వెళ్ళి ఫాదర్ తుయెన్‌కు పేరిచ్చింది. ఆయన జూన్‌లోనే ఆ చర్చికి గురువుగా వచ్చారు. పక్క రాష్ట్రం తీరంలో స్థిరపడిన వియత్నాం రొయ్యలవాళ్ళ బిడ్డ. వలల గురించి, ఆటుపోట్ల గురించి ఊరి మగవాళ్ళకే పాఠం చెప్పగలరు. ఈ ఊరి వేళాకోళాలు మాత్రం ఇంకా పూర్తిగా పట్టుబడలేదు.

"ఫాదరుగారూ, మా టర్కీ నేను మైక్రోవేవ్‌లో చేస్తాను. పద్దెనిమిది పౌన్ల పక్షి," అంది ఎలోడీ.

ఫాదరుగారు ఒక్క క్షణం కలం ఆపారు. పాపం ఓవెన్ పాడై ఉంటుంది, బాగు చేయించుకునే స్తోమత లేదేమో, అడిగితే నొచ్చుకుంటుంది, అనుకున్నారు. అంత పెద్ద పక్షి అంత చిన్న కరెంటు పెట్టెలో ఎలా పడుతుందన్నది కూడా మర్యాదకు అడగలేదు. "తప్పకుండా అమ్మా. మీకు మంచి చోటు చూస్తాను," అని 'లోపలి వంటలు' అన్న వరుసలో ఆవిడ పేరు రాశారు.

గురువారం పొద్దున ఎనిమిదింటికి ఎలోడీ పెట్టెను ట్రక్కులో వేసుకుని చర్చి వెనక పెరట్లోకి వచ్చేసరికి, రేకుల పాక కింద ఉన్న చోటంతా పంచేసి ఉంది. సగం తెయోఫీల్ నూనె కాగులది, సగం డ్యుకిన్ పొగ పొయ్యిది. ఫాదరుగారు హాలు గుమ్మంలో నిలబడి ఆనందంగా చెయ్యి ఊపారు.

"ఎలోడీ అమ్మా, ఇటు రండి! మీకు ప్లగ్గు పక్కనే బల్ల వేయించాను. తీగ చాలదేమోనని మా ఇంటి నుంచి పొడుగుది కూడా తెచ్చాను."

పెరడంతా ఒక్కసారి గొల్లుమంది. తెయోఫీల్ అయితే కాగు అంచు పట్టుకుని వంగిపోయాడు.

"ఫాదరుగారూ, ఆ పెట్టెకు ప్లగ్గు పెడితే ఎవరిస్ట్ మామ సమాధిలోంచి లేచొస్తాడు!"

ఎలోడీ ఇనుప మూత చూపించి, నిప్పు ఎక్కడ పోస్తారో చెప్పింది. విన్నకొద్దీ ఫాదరుగారి ముఖం వాడిపోయింది. "నా తప్పే అమ్మా. ఇప్పుడే వాళ్ళను జరగమంటాను," అంటూ పాక వైపు నడవబోయారు.

"వద్దు ఫాదరుగారూ. నూనె పోసిన కాగులను జరపకూడదు. మీరు నా మనసు నొప్పించకూడదనే కదా అడగలేదు. అదే నాకు చాలు. నేను ఆరుబయట కూచుంటాను."

డ్యుకిన్, ఇంకొకాయన పట్టి పెట్టెను కంచె పక్కన దించారు. పైన ఆకాశం పాచిపట్టిన నీళ్ళలా ఉంది.

పక్షిని ఆవిడ ముందురోజే సిద్ధం చేసింది. బావ టర్కీకి సూది పొడుస్తాడు. నాన్న టర్కీకి వెల్లుల్లి నాటేవాడు. చిన్న కత్తితో గాట్లు పెట్టి, ఒక్కో గాటులో ఒక రెబ్బ, చిటికెడు ఉప్పూ కారం, తుంచిన ఉల్లికాడ. కడుపులోకి అన్నం కూరడం, ఆ అన్నంలో కార్జం, కందనకాయ సన్నగా తరిగి వేయించి కలపడం. ఎలోడీ అన్నీ అలాగే చేసింది. పెట్టె అడుగున పళ్ళెంలో నాలుగు ఉల్లిపాయలు కోసి వేసి నీళ్ళు పోసింది. దాని మీద చువ్వల అర, అర మీద పక్షి. మూత దించి, బొగ్గులు పేర్చి, సిలువ గుర్తు వేసుకుని నిప్పు పెట్టింది.

తర్వాత చెయ్యాల్సిందల్లా కూచోడమే. వాళ్ళ నాన్నకు గడియారం ఉండేది కాదు. మూడు జపమాలలు చెప్పుకుంటే గంట. గంటకోసారి కొత్త బొగ్గులు. ఎలోడీ కుర్చీ వేసుకుని జపమాల చేతిలోకి తీసుకుంది.

పది గంటలకు పూజ మొదలైంది. నిప్పును వదిలి వెళ్ళడానికి లేదు. పండుగనాడు పూజ తప్పిపోతుందే అని మథనపడుతుంటే, చలి అనకుండా ఎవరో పుణ్యాత్ములు తన వైపు కిటికీ రెక్కలు తెరిచి పెట్టారు. పాటలన్నీ కంచె దాకా వినబడ్డాయి. కూచున్నచోటే లేచి నిలబడింది, మోకరిల్లింది, మళ్ళీ కూచుంది. పూజ చివర ఫాదరుగారు పూజా వస్త్రాలతోనే గడ్డిలో నడుచుకుంటూ వచ్చి ఆవిడకు దివ్యసత్ప్రసాదం ఇచ్చి వెళ్ళారు. ఆవిడ కళ్ళు మూసుకుని ఉండగానే మూత మీద ఏదో 'చుయ్' మంది.

మళ్ళీ 'చుయ్'. చినుకు.

*

కాసేపటికి చినుకులు వానయ్యాయి. మూత మీది బొగ్గులు ఒకటొకటిగా నల్లబడుతున్నాయి. ఎలోడీ ముందుగా తన కోటు విప్పి, రెండు చేతులతో నిప్పుల పైన గొడుగులా పట్టుకుంది. ఫాదరుగారు పెద్ద నల్ల గొడుగు తెచ్చి, తన తల మీద కాకుండా బొగ్గుల మీద పట్టారు. ఆయన భుజాల మీంచి నీళ్ళు కారుతున్నాయి.

"లోపలికి వెళ్ళండి ఫాదరుగారూ, జలుబు చేస్తుంది."

"పాక కింద ఉండాల్సిన నిప్పును వానలో పెట్టింది నేను. నన్ను తడవనివ్వండి అమ్మా," అన్నారాయన.

గొడుగు చాల్లేదు. ఇంతలో వెనక నుంచి గణగణ చప్పుడు. తెయోఫీల్, అతని జట్టువాడు ఒకడు పడవ కప్పుకు వేసే పెద్ద రేకు మోసుకొచ్చారు. చెరోవైపు పట్టుకుని పెట్టె పైన ఎత్తి నిలబడ్డారు. వాన రేకు మీద డప్పు కొట్టినట్టు మోగింది.

"ఏం చూస్తావు? నా నూనె ఇంకా కాగలేదులే, ఖాళీగానే ఉన్నాను," అని కసిరాడు తెయోఫీల్. పాక కింద అతని కాగు అప్పటికే సలసలలాడుతోంది. అది ఎలోడీ చూడనే చూసింది.

కానీ సంచిలో మిగిలిన బొగ్గులు తడిసి ముద్దయ్యాయి. అది చూసిన ముసలి డ్యుకిన్ తన పొయ్యిలోంచి పార నిండా ఎర్రటి పెకాన్ నిప్పులు ఎత్తి తెచ్చి మూత మీద పోశాడు. ఇంకో పార. ఇంకోటి.

"నీ పక్షి ఏమైపోతుంది మామా?"

"నాది ఎప్పుడో అయిపోయిందిలేవే."

అబద్ధం. ఆ పొగ రంగు చూస్తే ఇంకా అరగంట పని ఉందని ఎలోడీకి తెలుసు. తెలిసి, తల వంచి నిప్పులు సర్దింది.

పన్నెండున్నర అయింది. భోజనం ఒంటిగంటకు. గొడుగులేసుకుని జనం కంచె చుట్టూ చేరారు. వాన మధ్యలో ఎంతసేపు మూత చల్లారిందో, లోపల ఎంత ఉడికిందో ఎవరికీ తెలియదు. నలుగురూ నాలుగు మాటలు అన్నారు. చివరికి తెయోఫీల్ రేకు పట్టుకునే, గొంతు తగ్గించి చెప్పాడు. ఈసారి వేళాకోళం లేదు.

"ఎలోడీ, నా మాట విను. మూత తీసెయ్. పక్షిని నాకివ్వు. కడుపులో అన్నం తీసేసి, తడి తుడిచి నూనెలో దించుతా, ఇరవై నిమిషాల్లో బంగారంలా తీస్తాను. పందెం సంగతి మర్చిపో, పెట్టె నాకొద్దు. ఊరి ముందు నీ పక్షి పచ్చిగా తేలడం నాకిష్టం లేదు."

అజెమా కూడా అంది. "వాడు చెప్పింది నిజమేనేమోనే. వాన నీ చేతిలో పని కాదుగా. తీస్తే ఎవరూ తప్పు పట్టరు."

ఎలోడీ చెయ్యి మూత కొక్కెం మీదికి పోయింది. ఇన్నేళ్ళ అలవాటు. గిన్నె అన్నాక మూతెత్తి చూడడం, చెంచాతో కొంచెం తీసి నాలిక్కి రాసుకోవడం. చూస్తే పోతుంది ఈ బాధ. ఒక్కసారి చూస్తే చాలు. మంచివాళ్ళంతా మంచికే చెబుతున్నారు. వాళ్ళు ఎగతాళి చేసినప్పుడు కూచోడం సులువుగానే ఉంది. ప్రేమగా చెబుతుంటేనే కష్టంగా ఉంది.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నాన్న చూసేవాడు కాదు. వినేవాడు," అంది.

అవును, ఎవరిస్ట్ చెక్కకు చెవి ఆనించి వినేవాడు. కొవ్వు పళ్ళెంలో నీళ్ళలోకి పడుతుంటే 'టుప్ టుప్' మంటుంది. నీళ్ళు ఇగిరిపోయి, కొవ్వులో ఉల్లిపాయలు వేగడం మొదలయ్యాక 'చిటచిట' మంటుంది. ఆ చిటచిట ఒక జపమాలసేపు వినబడితే పక్షి అయినట్టు. ఎలోడీ మోకాళ్ళ మీద తడిగడ్డిలో కూచుని చెక్కకు చెవి పెట్టింది. రేకు మీద వాన హోరు తప్ప ఏమీ వినబడలేదు. "కాస్త రేకు తీయండి" అంటే నిప్పు ఆరిపోతుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

తెయోఫీల్ ఆవిడ ముఖం చూశాడు. తర్వాత, "ఫాదరుగారూ, ఈ కొస పట్టుకోండి," అని రేకు ఆయన చేతికిచ్చి, వానలో తన ట్రక్కు దగ్గరికి పరుగెత్తాడు. చేతిలో నున్నటి పొడుగాటి కర్రతో తిరిగొచ్చాడు.

"ఇదేంటో తెలుసా? పడవ ఇంజను వినే కర్ర. అలలు ఎంత హోరెత్తినా ఇంజనులో ఏ మూల జబ్బుందో దీంతో వింటాం. ఈ కొస చెక్కకు ఆనించు. ఆ కొస చెవి ముందు ఎముక ఉంటుందే, అక్కడ గట్టిగా ఆనించు. బయటి చప్పుడు రాదు, లోపలిదే వస్తుంది."

ఎలోడీ ఆనించింది. వాన దూరంగా జరిగిపోయినట్టయింది. చీకటి గదిలో ఎవరో మెల్లగా నడుస్తున్నట్టు... టుప్. టుప్... టుప్.

"ఇంకా నీళ్ళున్నాయి," అంది తలెత్తి. "అవలేదు. మీ మాట విని తీసి ఉంటే చెడిపోయేది. ఇంకొంచెం టైము కావాలి ఫాదరుగారూ."

ఫాదరుగారు రేకు కింద నుంచే జనం వైపు తిరిగారు. "భోజనం అరగంట ఆలస్యం. దేవుడు కోప్పడడు. మీరు కోప్పడితే నన్ను కోప్పడండి, తప్పు నాది."

ఎవరూ కోప్పడలేదు, కదలనూ లేదు. డ్యుకిన్ ఇంకో పార నిప్పులు తెచ్చాడు. ఎలోడీ కర్ర చెవికి పెట్టుకుని, పెదవులతో జపం చెప్పుకుంటూ అలాగే ఉంది. వాన సన్నగిల్లింది. ఉన్నట్టుండి ఆవిడ పెదవులు ఆగాయి, చెయ్యి పైకి లేచింది.

"చిటచిట," అంది.

అక్కడే మోకాళ్ళ మీదే ఒక జపమాల మొదలుపెట్టింది. ఒకరొకరే గొంతు కలిపారు. తెయోఫీల్ కూడా కలిపాడు, అతనికి సగం మాటలు మరుపు. ఆఖరి పూస దాటాక ఎలోడీ లేచి, గుడ్డ చుట్టుకుని కొక్కెం పట్టింది.

"ఇప్పుడు ఎత్తు బావా."

మూత పక్కకు జరిగింది. ఆవిరి ముఖాలకు కొట్టింది, వెల్లుల్లి, ఉల్లికాడ, వేగిన కార్జం వాసనతో. ఆవిరి విడిపోయాక కింద టర్కీ, చింతపండుతో తోమిన రాగి బిందెలా మెరుస్తూ ఉంది. ఎలోడీ పక్షి కాలు పట్టి కొంచెం తిప్పిందో లేదో అది కీలు వదిలేసి చేతిలోకి వచ్చేసింది. రసం తేటగా, చుక్క ఎరుపు లేకుండా కారింది.

ఎవరో ఈల వేశారు. అజెమా మాత్రం ముందుకొచ్చి, తోలు ముక్క ఒకటి తుంచి నోట్లో వేసుకుని నింపాదిగా నమిలింది. అందరూ ఆవిడ నోటివైపే చూస్తున్నారు.

"మీ నాన్న ఇంకాస్త మాడ్చేవాడు," అంది. "ఇదే నయం."

*

హాల్లో ఫాదరుగారు ప్రార్థన చెప్పి ఆమెన్ అనడం ఆలస్యం, పళ్ళేల మీద ఫోర్కులు టకటకలాడాయి. ఓవెన్ టర్కీ ముందు కొందరు, పొగ టర్కీ ముందు కొందరు, నూనె టర్కీ ముందు కొందరు మర్యాదగా వరుస కట్టారు. ఎలోడీ పళ్ళెం ముందు వరుస లేదు, తోపులాట ఉంది. వానలో నిలబడినవాళ్ళందరికీ అది తమ పక్షే అనిపించింది. "నేను రేకు పట్టాను, నాకు రొమ్ము ముక్క!" "నేను జపం చెప్పాను, నాకు కూరిన అన్నం!" "నువ్వు సగం తప్పులు చెప్పావు, నీకు మెడ!" ఎలోడీ అందరికీ వడ్డిస్తూనే ఉంది. అలవాటు చొప్పున చెయ్యి జారుతూనే ఉంది.

పది నిమిషాలు కూడా కాలేదు. తెయోఫీల్ ఆ పళ్ళెం పైకెత్తి, హాలు అంతటికీ కనబడేలా చుట్టూ తిప్పాడు. దాని మీద ఎముకల గూడు తప్ప పిల్లి నాకడానికి కూడా ఏమీ లేదు.

"చూశారా? అందరూ చూశారా?" అని అరిచాడు. "ఎవరిస్ట్ మామ పెట్టె గెలిచింది. కాదు కాదు, తప్పు చెప్పాను. మా మరదలు గెలిచింది. క్రిస్మస్‌కు పాక కింద నడిమి చోటు ఆవిడది. ఎవరికైనా అభ్యంతరం ఉంటే వచ్చి ఆ కర్రతో చెవిలో చెప్పండి!"

బల్లలు దడదడ మోగాయి. ఫాదరుగారు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఎలోడీ ముఖం ఎర్రబడి, ఎక్కడ పెట్టుకోవాలో తెలియక చేతులు ఆప్రానుకు తుడుచుకుంది. బతుకంతా పక్కకు జరిగిన మనిషి ఆ రోజు హాలు నడిమధ్యన నిలబడింది. కదలాలనిపించలేదు.

జనం కాస్త పలచబడ్డాక కూచుంది. అప్పుడు చూసుకుంది, ఎదురుగా కంచం ఖాళీ. ఆ పక్షి రుచి ఏమిటో ఆవిడకు తెలియదు. ఒక్క పీచు కూడా మిగల్లేదు.

కుర్చీ లాగిన చప్పుడైంది. తెయోఫీల్ ఎదురుగా కూచుని, ఎవరికీ తెలియకుండా గుడ్డలో దాచి ఉంచిన తన నూనె టర్కీ కాలు ఆవిడ కంచంలో పెట్టాడు. పైతోలు ఇంకా కరకరలాడుతోంది.

"తిను. వేడిగా ఉంది."

ఎలోడీ రెండు చేతులతో పట్టుకుని కొరికింది. ఆకలి అంతా అప్పుడు తెలిసింది. ఇంకోసారి కొరికింది. అతను ఆత్రంగా ఆవిడ ముఖం చూస్తున్నాడు.

"ఎలా ఉంది?"

"బాగుంది బావా. నిజంగా బాగుంది," అంది నోటి నిండా పెట్టుకుని. తర్వాత కళ్ళు నవ్వాయి. "ఉప్పు ఒక చిటికెడు ఎక్కువైంది."